పొడిగా ఉన్న మూత

ఆగస్టు 9

అమ్మా,
నేనూ నానమ్మా కులాసాగానే ఉన్నాం, కంగారుపడకు.

నాన్న పడవ తిరిగి రాని నాటి నుంచి నానమ్మ రోజూ పొద్దున ఆయన కూర్చునే చోట అన్నం పెట్టి మూత వేస్తోంది కదా. మూత లోపల నీటి చుక్కలుంటే ఆయన ప్రాణాలతో ఉన్నట్టేనని నమ్మకం. సోమవారం నేను పెట్టాను. పుస్తకం ధ్యాసలో చల్లన్నం పెట్టేశాను. నానమ్మ మూత తీస్తే పొడిగా ఉంది. నేరుగా గుడి పెద్ద ఇవాబుచిగారి దగ్గరికి వెళ్ళి, చనిపోయినవాళ్ళు ఇళ్ళకొచ్చే ఈ బోన్ పండుగకు మన చూరుకు తెల్ల లాంతరు కట్టమని చెప్పి వచ్చింది. ఈ ఏడు పోయినవాళ్ళకు కట్టే లాంతరు అమ్మా అది.

రెండు రోజులు దాచాను. ఈ పొద్దున గోడవైపు తిరిగి, నేను పెట్టింది చల్లన్నమని చెప్పేశాను.

"గిన్నె పట్టుకుంటే చల్లగా తగల్లేదుటే నాకు?" అంది నానమ్మ.

"మరి లాంతరెందుకు కట్టమన్నావు?"

"వేడన్నం మీద ఏ మూతకైనా చుక్కలు పడతాయే, పిచ్చి మొహమా. ఇన్నాళ్ళూ పొడి మూత చూస్తే గుండె ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు."

లాంతరు మీద పేరు నువ్వే రాయాలట. ఫ్యాక్టరీలో సెలవడిగి పన్నెండో తారీకు బస్సుకు రా. నాన్న కుంచె తీసుకురా, ఇక్కడిదానికి వెంట్రుకలు రాలిపోయాయి. చెల్లి దగ్గు తగ్గిందా? ఉప్పులో ఊరేసిన ప్లమ్ పళ్ళు ఎండబెట్టావా?

ఇవాళ అన్నం వేడిగానే పెట్టాను. మధ్యాహ్నమైంది. మూత ఇంకా ఇద్దరమూ తీయలేదు.

చెల్లికి నా ముద్దులు, నీకు నా నమస్కారం.
మియోకో