ఆయన గురక ఆగినప్పుడు

నరీన్,
నవంబర్ 9.

చెల్లెలు సైకాల్‌కు బురుల్‌కాన్ అక్క దీవెనలు.

మీ పశువులూ ప్రాణాలూ క్షేమమేనా? ఓష్‌లో మీకింకా ఎండ కాస్తోందట. ఇక్కడ పొద్దున లేచేసరికి బకెట్లో నీళ్లు గడ్డకట్టి ఉంటున్నాయి.

నా బెంగంతా మీ బావ గురించే. అరవై తొమ్మిదేళ్లొచ్చాయి. గురక పెడతాడని పెళ్లయిన కొత్తలో నువ్వే ఏడిపించేదానివి. ఇప్పుడు నా భయం గురక గురించి కాదు, అది ఆగిపోవడం గురించి. ఉన్నట్టుండి ఊపిరి నిలిచిపోతుంది. ఇక లేడనుకుని నేను భుజం పట్టి కుదిపేలోగా, నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి ఎగశ్వాస తీసుకుంటాడు. పగలంతా తూగుతాడు. మొన్న గొర్రెల్ని తోలుకొస్తూ గుర్రం మీదే నిద్రపోయి జారిపడ్డాడు. ఎముకలు విరగలేదు, అదే పదివేలు.

"గురక మోగినా తిడతావు, ఆగినా తిడతావు. నన్నేం చెయ్యమంటావే ముసలిదానా?" అని నవ్వుతాడు. చివరికి ఏడ్చి మొత్తుకుని ఆస్పత్రికి లాక్కెళ్లాను. డాక్టరమ్మ గుల్జాత్ బాగా మందలించింది. "ఊపిరి ఆగినప్పుడల్లా నీ గుండె మీద భారం పడుతుంది తాతా. ఈ వయసులో నిద్ర చెడితే గుండె ఊరుకోదు" అంది. పడుకునేటప్పుడు ముక్కుకు తొడుక్కునే యంత్రం ఇస్తారట. గుర్రానికి దాణా సంచి కట్టినట్టుంటుందని ఆయన గోల.

నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. కనుమ దారిలో మంచు పడుతోంది. కంగారుపడి బయల్దేరకు.

మీ అక్క,
బురుల్‌కాన్

తా.క. మరదలా, ఇది రాస్తున్నది జుమాదిల్ బావను. పోస్టులో వెయ్యమని ఇస్తే చదివేశాను, తిడితే తిట్టనీ. నా సంగతి రాసిందంతా నిజమే. తన సంగతే అబద్ధం. ఆ రోజు డాక్టరమ్మ "ఈయన ఊపిరి ఆగుతోందని మీకెలా తెలుసమ్మా?" అని అడిగింది. "నేను పడుకుంటేగా" అంది మీ అక్క. "ఎన్నాళ్లుగా?" అంటే "రెండేళ్ల పైనే" అంది. డాక్టరమ్మ నన్ను వదిలేసి ఆమె నాడి పట్టుకుంది. గుండె లయ తప్పి కొట్టుకుంటోందట. ఆమెను అక్కడే ఉంచేసుకుని నన్ను ఇంటికి పంపారు. ఈ ఉత్తరం ఆస్పత్రి మంచం మీద రాసిందే. నిద్రలేమి ఒక్కటే కారణమని చెప్పలేరట, కానీ ఇకమీదట మాత్రం నిద్ర తప్పకూడదట.

నేను పక్కన కూర్చుంటే లాభం లేదు. కుర్చీలో నాకు కాస్త కునుకు పడితే చాలు, తను లేచి కూర్చుని నా ఊపిరి వింటుంది. కనుమ తెరిచే ఉంది, నువ్వు రా. నువ్వొస్తే నేను బయటికెళ్తాను. అప్పుడైనా పడుకుంటుంది.