రెండు తీర్ల హెడ్‌ఫోన్లు

భివండి, 12-7-1997

నర్సవ్వక్కకు తమ్ముడు బాలనర్సు శనార్తి. ఈడ అందరం మంచిగున్నం.

బీడీలు చేసుకుంట వాక్‌మన్‌ల పాటలినేందుకు హెడ్‌ఫోన్ కొనుమన్నవు గదా, ధామన్కర్ నాకా కాడ దుకాణంకు పోయిన. రెండు తీర్లు సూపెట్టిండు. చిన్నది పెట్టుకుంటె పాటతోపాటు పక్క కార్ఖానల బట్ట నేసే సాంచల సప్పుడు గూడ ఇనొచ్చింది. పెద్దది పెట్టుకుంటె, పాట షురూ గాకముందే సాంచలన్ని బందైనట్టయింది. నేను సాంచలు నడిపే కాడ కరెంటు పోతేనే సప్పుడు ఆగుతది, గట్లనే కరెంటు పోయిందనుకొని చాయ్ తాగుదామని లేసిన. దుకాణపాయన నవ్విండు.

ఏది కొనాల్నో సమజైతలేదు. పెద్దదైతె తొట్టెల పిల్ల ఏడిస్తె నీకు ఇనబడుతదా? జల్ది రాయి. బావ దగ్గు తగ్గిందా? తునికాకు మంచిదిస్తున్నరా? పిల్లకు ముద్దులు.

నాకు వాక్‌మనే లేదక్కా, గని ఆ పెద్దది నాకు గూడ కావాల్ననిపిస్తుంది. పాట లేకున్నా సరే, ఊకె పెట్టుకొని కూసుంట.