రిటైరైన మనిషి చేసిన మార్పులు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నేను రిటైరైన రోజు మీ నాన్న కుర్చీలోంచి లేచి అందరి ముందూ నాకొక మాట ఇచ్చాడు. "రేపు పొద్దున్నకల్లా సిస్టంలోంచి నీ లాగిన్ తీసేయిస్తాను బావమరదీ, నిశ్చింతగా వెళ్ళు" అన్నాడు. అప్పట్లో మన మందుల కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఆయనే పెద్ద. ఇప్పుడు ఆ కుర్చీలో నువ్వున్నావు. ఇన్నేళ్ళకు ఫోను చేసి, నేనింకా మీ సిస్టంలోకి దూరుతున్నానా అని అడుగుతున్నావు. అంటే నా లాగిన్ ఇంకా బతికే ఉందన్నమాట.

నోటిమాట విలువ మీ నాన్న దగ్గరే తెలిసింది కాబట్టి కాగితం మీద జవాబిస్తున్నాను. నేను దూరడం లేదు. కళ్ళజోడు వెతుక్కునేసరికే నాకు మధ్యాహ్నమవుతోంది. నా పాత కోడ్‌ను పారేయాలనుకుంటే పారేయండి. పిచ్చికుక్క అని ముద్ర వేసి మరీ చంపనక్కర్లేదు.

ఇట్లు,
ఏ పాపమూ ఎరగని మామయ్య

తా.క.: మీ నాన్న మా మేడ మీది తన వాటాలోంచి రోజూలాగే చదరంగానికి దిగాడు. నీ ఫోను సంగతి చెప్పగానే గుర్రాన్ని తిన్నగా నడిపాడు.

---

మామయ్యగారికి నమస్కారాలు.

కోపగించుకోకండి. పోయిన వారం మా కోడ్‌లో ఎవరో ఒక మార్పు చేశారు. దాంతో గోదాములోని దగ్గుమందంతా ఒకే దుకాణానికి వెళ్ళింది. లోపల చోటు లేక ఆ కొట్టతను వీధిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ మార్పు మీ పేరుతో ఉంది. చేసినవాళ్ళను పట్టుకోకపోతే నన్నే ఇంటికి పంపుతానన్నారు డైరెక్టరుగారు. మా టీమంతా మీవైపే వేలు చూపిస్తున్నారు. మీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి?

మీ విధేయుడు,
మేనల్లుడు

తా.క.: మీ పేరుతో వచ్చిన మార్పుల్లో కొన్ని చాలా బాగున్నాయి. అవి చూశాకే, చేసింది మీరు కాదేమోనని మొదటిసారి అనిపించింది.

---

మేనల్లుడికి.

ఈసారి ఆశీస్సులు ఆపాను.

నా పాస్‌వర్డ్ మీ అత్తయ్య పేరు. ఆవిడ ఫోను చేసినప్పుడల్లా ఆపరేటరమ్మ ఆ పేరు హాలంతా వినబడేలా అరిచేది. అందుచేత ఆ పేరు తెలియనివాళ్ళు ఆఫీసులో ఎవరూ లేరు. నా అనుమానం ఇప్పుడు నీ మీదే. తప్పు నువ్వు చేసి, ఎదురు చెప్పలేని ముసలాడి నెత్తిన రుద్దుతున్నావు. అది మీ ఇంటి విద్యే. మగాడివైతే ఈ ఉత్తరం అందిన రోజే నా లాగిన్ మూసెయ్.

ఇట్లు,
ఎదురు చెప్పగల మామయ్య

తా.క.: చేసిందెవరని అడిగినంతకాలం నీకు నా పేరే జవాబుగా వస్తుంది. అదెలా జరిగిందని ఎవరినైనా ఒక్కసారి అడిగావా?

---

మామయ్యగారికి నమస్కారాలు.

మీ లాగిన్ మూసేశాను. గంట తిరక్కుండానే టీములో సగంమంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. చివరికి టెస్టింగ్ చూసే అమ్మాయి వచ్చి, "ఇక మేం భయపడే పనులన్నీ ఎవరి పేరుతో చేయాలి సార్?" అని అడిగింది.

పాత కోడ్‌ను ముట్టుకోవాలంటే మీ పేరుతో ముట్టుకోవడం ఇక్కడ ఆనవాయితీయట. పని చెడితే తిట్లు మీకు పడతాయి, వీళ్ళ ఉద్యోగాలు నిలుస్తాయి. నిజం చెప్పినవాళ్ళ ఉద్యోగం పోదని కాగితం మీద రాసి సంతకం పెట్టి గోడకు అంటించాను. అప్పుడుగానీ దగ్గుమందు కథ ఎలా జరిగిందో బయటపడలేదు. దుకాణాల జాబితా సరిచేయబోయి ఒకరు అందులో ఒక్క దుకాణాన్నే మిగిల్చారట. డైరెక్టరుగారు పేరు అడిగితే, సరిచూడకుండా వదిలింది నేనే కాబట్టి నా పేరే రాసుకోమన్నాను. ఆయన ఇంకా ఏమీ తేల్చలేదు.

ఆదివారం అందరినీ మీ దగ్గరికి పంపుతున్నాను. క్షమించండి.

మీ మేనల్లుడు

తా.క.: మగాడినో కాదో గానీ, ఆ సంతకం రెండుసార్లు కొట్టేసి మూడోసారి పెట్టాను.

---

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు. పోయినసారివి కూడా కలిపి.

నీ వాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరూ నా పేరుతో ఏం పాడుచేశారో చెబుతుంటే, చచ్చాక నా గురించి చెప్పుకునే నాలుగు మాటలు బతికుండగానే విన్నట్టయింది. కొట్టతను లోపలికి వెళ్ళి కూర్చున్నాడనీ, నీ కుర్చీ నీకే ఉంచారనీ వాళ్ళే చెప్పారు. మీ వంశంలో మాటను కాగితం మీద పెట్టినవాడివి నువ్వే మొదలు.

ఈ విద్య ఎవరు నేర్పారని అడిగాను. అమ్మాయి తన సీనియరును చూపించింది. అతను తన సీనియరు పేరు చెప్పాడు. అందరికన్నా పాతవాడు మేడవైపు చూశాడు. నేను రిటైరైన మర్నాడే పెద్దసారు ఏదో చెడగొట్టుకుని, "పోయినవాడి పేరు మీద రాసేయండి, వాడేం అడగొస్తాడు" అన్నారట.

ఇట్లు,
అడగడానికి బతికే ఉన్న మామయ్య

తా.క.: తప్పు చేసినవాళ్ళందరూ వచ్చి ఒప్పుకున్నారు. మెట్లు దిగితే చాలే మనిషి మాత్రం రోజూ దిగుతాడు, పావులు సర్దుతాడు, ఆ సంగతి తప్ప అన్నీ మాట్లాడతాడు. ఇదిగో, మెట్ల మీద చప్పుడు. నీ టీములో ఎవరి మీదా నాకు కోపం లేదు. ఇప్పటికీ నేను తప్పుపట్టేది ఒక్కణ్ణే, మా బావని.