చౌడు తప్పిన మిద్దె

పాకాల,
ఆదివారం.

అమ్మకు కోమలి నమస్కారాలు. ఇక్కడ నాకు ఒళ్లునొప్పులు తప్ప అంతా క్షేమం. గూడూరులో నువ్వు, చెల్లెలు ప్రసన్న, మరిది రఘునాథ్ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ జాబు బుధవారం అందింది. చెవులు వినిపించకపోయినా నీ కళ్లూ చేతిరాతా ఇంకా గట్టిగా ఉన్నాయి, సంతోషం. ఫోనులో అయితే నేను అరవాలి, నువ్వు వేరే దానికి జవాబు చెప్పాలి. ఇదే నయం.

మిద్దె ఇంకా కారుతోందా అని అడిగావు. దాని కథ చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మేస్త్రీ ఏకాంబరం రేపు మాపు అని తిప్పుతుంటే విసిగి, వానలు పడేలోగా నేనే మన్ను పరుద్దామనుకున్నాను. ఎల్లప్ప మామ చేను పక్కన నల్లగా, మెత్తగా మన్ను కనబడితే ఇంతకంటే మంచిది ఎక్కడ దొరుకుతుందని గంపలకెత్తి నిచ్చెన మీద మోశాను. నీళ్లు చల్లి, దిమ్మిసతో కొట్టి, నడుం పట్టేసినా మురిసిపోయాను. రెండు వానలు పడేసరికి మిద్దె నిండా గరిక మొలిచింది. వేళ్లు దిగిన చోటల్లా నీళ్లు కారి కుట్టుమిషను తడిసింది. ఎల్లప్ప మామ వీధిలో నిలబడి, "ఏం కోమలీ, మిద్దిమీద మేత పెంచినావే, మా గొర్రెల్ని తోలుకోని వచ్చేదా?" అన్నాడు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను.

పొరుగింటి దేవకమ్మత్త మాత్రం తిట్టింది. ఏ గింజా మొలవని చౌడునే గదా మిద్దెకు వేస్తారు, నాలిక మీద పెట్టుకుని ఉప్పు చూడకుండా ఎట్లా తెచ్చావంది. ఇన్నేళ్లు నువ్వు తెప్పిస్తుంటే పరిచిన దాన్నే గాని, ఎక్కడిదో ఎందుకో నేనెప్పుడూ అడగలేదు. ఎక్కించిన మన్నంతా దించి, చెరువు అవతలి నుంచి చౌడు తెచ్చి మళ్లీ పరిచాను. దించేటప్పుడు ఒక్కోసారి గంప అక్కడే పెట్టి, మెట్టు మీద కూర్చుని ఏడ్చాను కూడా.

పెరటి గోడ గురించి అడిగావు. పడిన వైపు రాళ్లు పేర్చి, సందుల్లో మట్టి మెత్తాను. కొంచెం వంకరగా ఉంది గాని నిలబడింది. నువ్వు జారిపడిన చోట బండలు పరిచాను. స్నానాల గదిలో నీ చేతికి అందే ఎత్తులో ఇనుప కడ్డీ బిగించాను. గోడకు చిల్లు వేసేటప్పుడు బొటనవేలు చితికింది, మానిపోయింది, కంగారుపడకు.

ఇక నువ్వు ప్రతి జాబులోనూ అడిగే మాట. ఎప్పుడు పిలుచుకుపోతావు అని. సున్నం ఆరలేదని ఒకసారి, తలుపు బిగుసుకుందని ఒకసారి రాశాను. అవి అబద్ధాలమ్మా. ఇల్లు ఎప్పుడో అయిపోయింది. బాగున్న గోడకే మళ్లీ సున్నం కొడుతూ కూర్చున్నాను. మొన్న దేవకమ్మత్త వచ్చి చూసి, "పని ఎప్పుడో అయిపొయ్యిండాది గదమ్మే, అమ్మను ఎప్పుడు పిల్చుకోని వస్తావు?" అంది. చేతిలో కుంచె ఉండబట్టి గోడవైపు తిరిగాను.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. రాత్రి నువ్వు పిలిచినప్పుడు నేను పడుకున్న చోటి నుంచి పలికితే నీకు వినబడదు. లేచి వచ్చి నీ చెయ్యి పట్టుకుంటే గాని నువ్వు పిలవడం ఆపవు. నాయన పోయినప్పటి నుంచి అట్లా లేస్తూనే ఉన్నాను. నువ్వు గూడూరు వెళ్లాక, పగలంతా గంపలు మోసినా, తెల్లవారేదాకా ఒక్క నిద్ర పోతున్నాను. అందుకే పని అయిపోయిందంటే భయమేసింది. నీ మీద విసుగు కాదు. ఒట్టి అలుపు. నిన్ను తలుచుకుని ఇక్కడ అన్నం సయించని రోజులూ ఉన్నాయి, అదీ నిజమే.

దసరా దాకా చెల్లెలి దగ్గర ఉండగలవా అమ్మా? ప్రసన్నను ఇంకా అడగలేదు, ముందు నిన్నే అడుగుతున్నాను. అక్కడి నిమ్మకాయల మండీ వాసన పడదని రాశావు, కొత్తచోటు కష్టమని తెలుసు. ఉండలేనంటే ఒక్క ముక్క రాయి. మరుసటి రోజే రైలెక్కి వచ్చి నిన్ను పిలుచుకొస్తాను, ఈ మాట మళ్లీ ఎత్తను. కోప్పడుతూ రాసినా సరే. రాయకుండా మాత్రం ఉండొద్దు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే పెద్దకూతురు,
కోమలి.