పెలికన్ బారుకు ఇత్తడి పలక

మొబీల్, అలబామా

పెలికన్ బారు యజమాని హాలిస్ టేటమ్ గారికి,

నగర చరిత్ర సంఘం కార్యదర్శి వెర్లీన్ డబ్రోకా వ్రాయునది. కాంటీ వీధిలో మీరు బారు నడుపుతున్న ఇల్లు ఒకప్పుడు మార్డి గ్రా పండగలో ఊరేగే పెద్దింటి మగవాళ్ళ ముసుగు సంఘం వారి రహస్య విడిది అని మేం తేల్చేశాం. సాక్షిని నేనే. నా చిన్నప్పుడు పండగ లేని రోజుల్లో కూడా మగవాళ్ళు ముసుగులేసుకుని మీ పక్క గుమ్మంలోంచి లోపలికి వెళ్ళేవారు. నేను నోరెళ్ళబెట్టి చూస్తుంటే, "అటు చూడకే! ముసుగు మనిషిని ఎవరని అడిగితే ఈ ఊళ్ళో పరువుండదు" అని మా అమ్మ నెత్తిన ఒక్కటిచ్చేది. త్వరలో గోడకు ఇత్తడి పలక బిగిస్తాం.

గౌరవంతో,
వెర్లీన్

తా.క. అంత ఘనమైన ఇంట్లో మద్యం అమ్మడానికి మీకు చేతులెలా వచ్చాయండీ?

*

మిస్ వెర్లీన్ గారికి,

అమ్మా, అది మొదట్నుంచీ బారే. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళ బారు. నేనూ రాయిస్ పెటవే కలిసి తెరిచాం, బతుకంతా కలిసే ఉన్నాం. ఆ రోజుల్లో మాలాంటివాళ్ళు కలిసి డాన్సు చేస్తే పోలీసులు ఈడ్చుకెళ్ళేవారు. మర్నాడు పేపర్లో పేర్లు పడేవి, ఉద్యోగాలు ఊడేవి. "మొబీల్ పోలీసు తలుపైనా బద్దలు కొడతాడు గానీ, ముసుగు మీద చెయ్యి వేయడురా" అన్నాడు రాయిస్. ఆ రోజు నుంచి అందరం ముసుగులతోనే లోపలికొచ్చేవాళ్ళం, ఆ ఆలోచనే మమ్మల్ని కాపాడింది. పోయిన వేసవిలో వాడు నన్నొదిలి వెళ్ళిపోయాడు. పలక మీద వాడి పేరు వేయండి. నాకింకేం వద్దు.

మీ
హాలిస్

తా.క. చేతులు సులువుగానే వచ్చాయండీ. ఓసారి రండి, మీకూ ఒక గ్లాసు కలిపిస్తాను.

*

ముసుగు వీరులు హాలిస్ గారికి,

మీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. ముసుగు సంఘం మనిషి చచ్చినా నిజం ఒప్పుకోడని ఊరందరికీ తెలుసు. కానీ ఇంత ముచ్చటైన కథ అల్లినవాళ్ళను మాత్రం చూడలేదు సుమండీ! ఇక దాచి లాభం లేదు. సంగతి బయటికి పొక్కింది. క్రెన్‌షా గారి మనవరాలు వచ్చి, ముసుగు సంఘం పెట్టింది మా తాతగారే అంది. ఆమె గుమ్మం దిగకముందే ఫాంటనెల్ వాళ్ళు వచ్చి, కాదు మా తాతగారన్నారు. ఊళ్ళో పెద్ద కుటుంబాలన్నీ మా వరండాలోనే ఉన్నాయి.

అభినందనలతో,
వెర్లీన్

తా.క. ఆ రాయిస్ పాత్రను భలే కల్పించారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

*

వెర్లీన్ గారూ,

రాయిస్ కల్పన కాదు. పైన్ వీధి శ్మశానంలో ఉన్నాడు, వెళ్ళి చూసుకోండి. వాడి పేరు లేని పలకను నా గోడకు తగలనివ్వను. అక్కడికి ఎవరొచ్చేవారో నేను చెప్పను, అదొక్కటి నిజంగానే మా ఒట్టు. ఈ ఉత్తరం మీ సభలో గట్టిగా చదవండి. పెద్ద కుటుంబాలు టోపీలు తీసుకుని ఎలా పరిగెత్తుతాయో మీరే చూస్తారు.

హాలిస్

తా.క. గ్లాసు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

*

హాలిస్ గారికి,

సిగ్గుతో రాస్తున్నాను. శ్మశానానికి వెళ్ళి పూలు పెట్టి, రాయిస్ గారిని క్షమించమని అడిగి వచ్చాను.

మీ ఉత్తరం సభలో చదివాను. అప్పుడు క్రెన్‌షా మనవరాలు లేచింది. "బారైతే ఏమిటట? ఫాంటనెల్ వాళ్ళ పేరు పైనా, మా తాతగారి పేరు కిందా? మా ప్రాణం పోయినా ఒప్పుకోం!" అంది. ఫాంటనెల్ గారు కుర్చీ ఎత్తారు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు తప్పుకోలేదండీ! ఎవరి పేరు పైకెత్తినా తక్కినవాళ్ళు మీదపడుతున్నారు. చివరికి, ఏ ఇంటివాళ్ళూ మా మనిషని కొట్టుకోని పేరు ఒక్కటే ఉందని అధ్యక్షులు కనిపెట్టారు.

అందుకని పలక మీద పై వరుసలో, అందరికంటే పెద్ద అక్షరాల్లో, రాయిస్ పెటవే. పక్కనే మీరు.

మీ
వెర్లీన్

తా.క. శుక్రవారం బారు ఎన్నింటికి తెరుస్తారు? మా తమ్ముడు అడగమన్నాడు. తనూ మీలాంటివాడేనని అరవయ్యో ఏట ఇప్పటికి నోరు విప్పాడు, పిచ్చి వెధవ. వాడి వెంట నేనూ వస్తున్నాను, ముసుగు లేకుండా.