మూడోసారి అడిగేదాకా

కొత్తకోట
శుక్రవారం, టిఫిన్ అయ్యాక

చిరంజీవి చెల్లెలు యాదమ్మను అక్క సత్తమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నా రెండు మోకాళ్లు తప్ప మిగతా నేనంతా క్షేమం. అక్కడ నువ్వు, నీ కొత్త తుంటి, నీ కొడుకు సీను, కోడలు రేణుక, పిల్లలు అందరూ క్షేమమని తలుస్తాను. పిల్లలకు పరీక్షలు దగ్గరపడ్డాయి కదా, ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేయమని రేణుకతో చెప్పు. నేను చెప్పానని చెప్పు, నువ్వు చెబితే ఎవరూ వినరు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వకు. నీకు ఫోన్ చేస్తే రేణుక స్పీకర్ పెడుతుంది. నీ చెవి కోసమేలే, కాని ఇంటిల్లిపాదీ వింటుంటే నువ్వు "ఆఁ అక్కా, మంచిదక్కా" తప్ప ఇంకో మాట అనవు. ఏడో తరగతి చదివినదానివి, నిదానంగా చదువుకో. సీను ఈ హోం సంగతి పట్టుకొచ్చిన రోజు నేనేమన్నాను? ముందు నేను పోయి ఉండి చూస్తాను, బాగుందని రాస్తే నువ్వు కూడా వచ్చి నాతో ఉండు, బాగాలేదంటే నేనే తిరిగొస్తాను అన్నాను. అన్నట్టే చూశాను, చూసింది చూసినట్టు రాస్తున్నాను. నువ్వు రావాలా వద్దా అన్నది ఈ ఉత్తరం మీద ఉంది కాబట్టి కళ్లజోడు తుడుచుకుని చదువు.

మోత్కూర్‌లో నువ్వు వాకర్ పట్టుకుని గడప దాకా వచ్చి కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే నేను వెనక్కి చూడకుండా బస్సెక్కాను. చూస్తే ఎక్కేదాన్ని కాదు. ఇన్నేళ్లు కండక్టర్‌గా టికెట్లు కొట్టినదాన్ని, ఇప్పుడు ఆడవాళ్లకు చార్జీ లేదని ఆ పిల్ల నా చేతిలో జీరో టికెట్ పెడితే ఏదో దొంగచాటుగా ఎక్కినట్టు అనిపించింది. పైగా ఆ పిల్ల ఎవరినీ గదమాయించదు, జర ముందుకు జరగండి మేడం అంటూ బతిమాలుతుంది. మా కాలంలో నేను గొంతు ఎత్తితే సగం బస్సు దానంతటదే ముందుకు జరిగేది.

హోం ఊరు దాటాక బెంగళూరు రోడ్డు పక్కనే ఉంది. పైన ఒక అంతస్తు, దానికి లిఫ్టు. లారీల మోత ఎప్పుడూ ఆగదు. నా బతుకంతా బస్సుల్లోనే గడిచింది కాబట్టి నాకది జోలపాట, నీకు మాత్రం కొన్నాళ్లు నిద్ర పట్టదు. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి, మధ్యాహ్నం గాలి కూడా వేడిగా వస్తుంది.

పిల్లనిచ్చే ముందు అబ్బాయి ఇల్లు చూడబోయినప్పుడు మన మేనత్త మంచినీళ్ల కుండ మూత తీసి చూసేది, గుర్తుందా? నేనూ అదే పని చేశాను. దుప్పట్లు వాసన చూశాను. బాత్రూంలో నీళ్లు పోసి, కాలు జారుతుందేమోనని గోడకున్న కమ్మీ పట్టుకుని ఊగి చూశాను. మంచం పక్కన పిలవడానికి ఒక గంట ఉంటుంది, అది నొక్కి చూశాను. అనిత అనే ఆయా పరుగున వచ్చింది. ఏమీ లేదమ్మా అని పంపించి, ఆమె మెట్లు దిగగానే మళ్లీ నొక్కాను. మళ్లీ వచ్చింది. ఇంకోసారి నొక్కేసరికి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పెద్దమ్మా, గంట మంచిగనే ఉన్నది. నీకేమన్న కావాల్నా?" అంది.

ఏమీ వద్దన్నాను. అమ్రాబాద్ నుంచి వచ్చి ఇక్కడే గది తీసుకుని ఉంటున్నది, మనసున్న మనిషి. అప్పటినుంచి నన్ను చూస్తే ముందు గంట వైపు చూస్తుంది.

చాయ్ మాత్రం నీళ్లే. కరెంటు పోతే లిఫ్టు ఆగిపోతుంది. ఓనరు సారు మనల్ని చూడవచ్చిన పిల్లలతో మాట్లాడినంత తియ్యగా మనతో మాట్లాడడు. ఇవన్నీ తూకంలో వెయ్యాలి కదా, అందుకే రాస్తున్నాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నా మనసు ఎటో పోతుంది. నా గదిలో రెండో మంచం ఖాళీగా ఉంది. దాని వైపు చూసినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. నిన్ను రప్పించడానికి రాస్తున్న మాట కాదు, ఉన్న మాట.

ఇక అసలు సంగతి. ఇక్కడ వారం వారం అందరినీ మిషను మీద నిలబెట్టి బరువు చూస్తారు. నేను పెరుగుతున్నాను. నా పక్క గదిలో నారాయణరెడ్డి పటేల్ అని వనపర్తి దిక్కు రైతు, ఖాసిం సాబ్ అని పాలమూరు దర్జీ కలిసి ఉంటారు. వాళ్లిద్దరూ వారం వారం తగ్గిపోతున్నారు. వాళ్లే కాదు, భోజనాల హాల్లో చాలామంది అంతే. ఖాసిం సాబ్ ప్రతి వారం సూదీదారం తీసి తన పైజామా ఒకటి, పటేల్ చొక్కా ఒకటి లోపలికి పట్టి కుడుతున్నాడు. డాక్టర్ వచ్చి చూసి, వీళ్లకు ఆకలి మందగించిందని, ఆకలి పుట్టే టానిక్ రాశాడు. టానిక్ తాగాక ఇద్దరూ ఇంకా తగ్గారు, పైగా ఊరికే కస్సుమనడం మొదలుపెట్టారు.

నాకు వంటింటి మీద అనుమానం వచ్చింది. సరుకు ఎక్కడికో పోతున్నదేమో చూద్దామని అన్నం తినకుండా అందరి పళ్లేలూ చూస్తూ కూర్చున్నాను. తిండి బాగానే ఉంది. వేడి వేడి జొన్నరొట్టె, టమాట పప్పు, పచ్చిపులుసు. అనిత పటేల్ దగ్గరికి పోయి ఇంకో రొట్టె వెయ్యమంటారా అని అడిగింది. ఆయన పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టి వద్దు బిడ్డా అన్నాడు. ఆమె ముందుకు పోయింది. ఖాసిం సాబ్ కూడా వద్దన్నాడు. ఆయన పక్కాయన, ఆ పక్కామె, అందరిదీ అదే మాట. నిజంగానే వీళ్లకు ఆకలి చచ్చిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం నడుద్దామని గేటు దగ్గరికి పోతే, బయట మిరపకాయ బజ్జీల బండి నిలబడి ఉంది. గేటు ఊచల్లోంచి చేతులు బయటికి పెట్టి పటేల్, ఖాసిం సాబ్ పొట్లాలు అందుకుంటున్నారు. నన్ను చూసి పటేల్ పొట్లం వెనక దాచాడు. అన్ని ఎకరాలు సేద్యం చేసిన మనిషి, మీసాలకు నూనె, నోటి నిండా బజ్జీ, మింగలేడు, మాట్లాడలేడు. నవ్వు ఆపుకోలేకపోయాను. హాల్లో వేడి రొట్టె పెడుతుంటే వద్దని, ఇక్కడ ఇదేం పని అని అడిగాను. ఆయన నింపాదిగా మింగి, తల దించుకున్నాడు.

"ఆమె అడిగింది, నేను వద్దన్న. వద్దంటె పోవుడేనా కండక్టరమ్మా? మల్ల అడగాలె గద" అన్నాడు.

"మా ఇంట్ల మొదటి వద్దు అంటె సలాం అసొంటిది" అన్నాడు ఖాసిం సాబ్. "అన్నం దాని తర్వాతనె."

చెల్లె, నాకు అప్పుడు వెలిగింది. మనం ఒకరింట్లో మొదటిసారి వద్దంటాం. రెండోసారి చెయ్యి అడ్డం పెడతాం. మూడోసారి అయ్యో ఎందుకమ్మా అంటూ ఆ చెయ్యే పక్కకు తీస్తాం. పెట్టేవాళ్లూ అది తెలిసే పెడతారు. ఇక్కడేమో ఒక్కసారి అడిగి పోతున్నారు. ఇంతమంది పెద్దమనుషులు మర్యాద తప్పలేక ఆకలితో లేస్తున్నారు. హాలు మొత్తంలో పెట్టు అని నోరు తెరిచి అడిగేదాన్ని నేనొక్కదాన్నే, అందుకే బరువు పెరిగిందీ నేనొక్కదాన్నే.

మన ప్రాంతపు మనిషివై ఉండి నీకీ సంగతి తెలియదా అని అనితను నిలదీశాను.

"ఎందుకెర్కలేదు పెద్దమ్మా. గని డ్యూటీల మర్యాద చెయ్యొద్దన్నరు" అంది.

అట్లా చెయ్యొద్దన్నది లిల్లీ సిస్టర్. ఇక్కడి నర్సులకు పెద్ద, కేరళ మనిషి. నా బస్సు గొంతు వేసుకుని ఆమె గదిలోకి పోయాను. ముసలివాళ్లను ఎండబెడుతున్నారని, ఇది హోమా జైలా అని అరిచాను. ఆమె కుర్చీ జరిపి నన్ను కూర్చోబెట్టింది. అంతకుముందు ఏదో దూరపు పట్నంలో, ఇట్లాంటి చోటే పని చేసిందట. అక్కడ పెద్దవాళ్లు వద్దు వద్దని ఏడుస్తున్నా దవడ పట్టుకుని చెంచాతో కుక్కేవారట. ఆమె చూస్తూ ఉండలేక ఆ పని మానేసి వచ్చింది.

"ముసలివాళ్లు వద్దు అంటే, ఆ మాట వినాలి అమ్మా. ఇక్కడ అందరికీ నేను అదే నేర్పాను" అంది, తనకు వచ్చిన తెలుగులో.

నా గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఒకరి మాటకు ఇంత విలువ ఇచ్చే మనిషి మీదనా నేను అరిచింది అనిపించింది. ఆమె చేతులు పట్టుకుని, నీ మనసు బంగారం బిడ్డా, కాని ఇక్కడి మనుషుల వద్దు వేరు అని మొదటినుంచీ చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. అయితే నిజం వద్దు ఏదో నాకెట్లా తెలుస్తుందని అడిగింది. మూడోది అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నువ్వు చూడాల్సింది. అనిత రొట్టెల గంప చంకన పెట్టుకుని కట్టలు తెంచుకున్నది. మా పటేల్ కదా, ఇంకొక్కటి, నా మీద ఒట్టు అంటూ హాలంతా తిరుగుతుంటే, వెనక లిల్లీ సిస్టర్ ఒక్కొక్కరి వద్దుకు ఒక్కొక్క వేలు మడుస్తూ నడిచింది. పటేల్ మూడోసారికి చెయ్యి తీసి, ఆపకుండా తిన్నాడు. పాపం ఖాసిం సాబ్ ఆ రోజు ముందే బజ్జీలు తిని వచ్చాడు. ఆయన మూడోసారి కూడా వద్దే అన్నాడు కాని అనిత ఊపులో వినలేదు. సాయంత్రం దాకా ఆయన పొట్ట పట్టుకుని వరండాలో తిరిగాడు. మూడో వద్దును తప్పకుండా వినాలని లిల్లీ సిస్టర్ అనితను కేకలేసింది. అదీ న్యాయమే.

ఇంకో తమాషా. పటేల్‌కు బలానికి సూది వెయ్యబోతే, ఆయన వరసగా మూడుసార్లు వద్దని చెప్పి, మూడయినయి సిస్టరమ్మా అంటూ లేచిపోయాడు. సూదికి లెక్క వేరని లిల్లీ సిస్టర్‌కు నచ్చజెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఈ వారం మిషను మీద ఇద్దరూ పెరిగారు. ఖాసిం సాబ్ కూర్చుని కుట్లు విప్పుకుంటున్నాడు.

ఇదంతా చూస్తూ నేను నవ్వానే కాని, లోపల నీ గురించే భయపడ్డాను. పెళ్లిళ్లలో ఖాళీ విస్తరి ముందు కూర్చుని కూడా చాలు చాలు అనేదానివి. పాత పద్ధతే ఉంటే ఈ హోంలో నెల తిరక్కుండా గాలికి ఎగిరిపోయేదానివి. ఇప్పుడా ఫికర్ లేదు. అసలు ఫికర్ అక్కడే ఉంది. నేను బయలుదేరే ముందు రేణుక నన్ను పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. నువ్వు పగలంతా నీళ్లు తాగడం మానేశావట, బాత్రూంకు పట్టుకుపొమ్మని కోడల్ని అడగలేక.

"నేను అడుగుత పెద్దత్తమ్మా. వద్దు బిడ్డా, నువ్ పో అంటది. నేను దుకాణం పోత" అంది. ఆ పిల్ల తప్పేమీ లేదు. నువ్వన్న మాటే వింటున్నది. కాని నువ్వు అట్లా గొంతు ఎండబెట్టుకుని కూర్చుంటావని తెలిసినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. బరువెట్లా పెరిగావని అడగకు. ఇక్కడ గంట నొక్కితే ఎవరో ఒకరు వస్తారు, అది నేను బాగా పరీక్షించాను.

కాబట్టి నా తూకం ఇది: చాయ్ బాగాలేదు, మనుషులు బాగున్నారు. మన చిన్నమ్మకు నా దండాలు చెప్పు, ఆమె దీవెన మనిద్దరికీ కావాలని చెప్పు. వీలైతే మామిడికాయ తొక్కు ఒక సీసా నాకని తీసి పెట్టు. పటేల్‌కు కూడా పెడతాను కాబట్టి పెద్ద సీసానే పెట్టు.

ఇంకొక్క మాట. మొన్న ఆదివారం ఫోన్లో నువ్వు ఎందుకులే అక్కా, నేను ఈడనె మంచిగున్న, నేను రాను అన్నావు. నాకు పట్టరాని కోపం వచ్చింది. నీ కోసం ఇంత దూరం వస్తే ఇదా మాట అని అలిగి, ఉత్తరం రాయొద్దనే అనుకున్నాను. నిన్న హాల్లో లిల్లీ సిస్టర్ ఎవరి దగ్గరో వేలు మడుస్తుంటే చూసి, నేను తింటున్నదాన్ని ఆగిపోయాను. ఊళ్లో వాళ్లందరికీ చెప్పానే కాని, నా చెల్లెలిది మొదటి వద్దని నాకే తట్టలేదు.

ఈ ఉత్తరంతో రెండోసారి అడుగుతున్నాను, వచ్చి నాతో ఉంటావా యాదమ్మా? దీనికీ వద్దనే అంటావు, అను. మంగళవారం బస్సుకు నేనే మోత్కూర్ వస్తున్నాను. స్పీకర్ లేకుండా, నీ మంచం మీద నీ పక్కన కూర్చుని మూడోసారి అడుగుతాను. అప్పుడు కూడా వద్దంటే అది నిజం వద్దే అని వింటాను. విని, నా సంచి నీ మంచం కిందికి తోసి అక్కడే ఉండిపోతాను. నాకు ఈ ముసలితనంలో హోం ఏదైనా ఒకటే, నువ్వుంటే చాలు.

ఎల్లప్పుడూ నీ మేలు కోరే
అక్క
సత్తమ్మ