హిల్డ్‌రున్ ఆవు, నా ముద్ర

లిండెన్‌తాల్ మఠాధిపతి ఉడల్‌రిష్ అనే నేను, ఇరవై నాలుగేళ్లవాణ్ణి, బుద్ధి నిలకడగా ఉండగా నా చేత్తోనే రాస్తున్న వీలునామా. ఎవరి బలవంతమూ లేదని రాయడం రివాజు. రాయను. తలుపుకు బయట గడియ ఉంది. పెట్టింది నా సన్యాసులే.

సన్యాసికి ఆస్తి ఉండదు, వీలునామా చెల్లదు అంటారు. ఏడో ఏట మా నాన్న బలిపీఠం గుడ్డలో నా చెయ్యి చుట్టి నన్ను ఈ మఠానికి దానమిచ్చాడు. నన్ను అడగలేదు. నిరుడు మా బాబాయి, చెప్పినట్టు వింటాననుకుని అధిపతిని చేయించాడు. అప్పుడూ అడగలేదు. ఈసారి ఇచ్చేది నేను.

1. ఈ లోయలో రైతు పోతే అతని దొడ్లో మేలైన పశువు మఠాధిపతికి చెందాలట! హిల్డ్‌రున్ మొగుడి శవం ఇంట్లో ఉండగానే ఆమె ఆవును తోలుకొచ్చారు. "శవానికి పాలెందుకమ్మా?" అన్నాడట ఉపాధిపతి గోట్‌ఫ్రిట్. ఆమె పిల్లలు శవాలు కారు. నాకు చెందిన ఆ ఆవును హిల్డ్‌రున్‌కే ఇస్తున్నాను. రేపు పండుగకు కోస్తారు కనుక ఈ సాయంత్రమే తోలాలి.

2. ఈ పశువు పన్ను ఇక ఏ ఇంటా వసూలు చేయరాదు. దీన్ని రద్దు చేసినందుకే నన్ను బంధించారు.

3. గోట్‌ఫ్రిట్‌కు నా ఉన్ని మేజోళ్లు. చలికి ఆయన పాదాలు నీలమెక్కుతాయి. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. రైతుల మీద ఇలాంటి పన్నులు అన్యాయమని చెప్పే అచ్చుకాగితాలు ఉల్మ్ సంతలో కొంటే, వాటిని పొయ్యిలో వేసిందీ ఆయనే. "చలికాలమంతా మనం తినేదేమిటో వాటిలో రాశారా నాయనా?" అన్నాడు. రాయలేదు. నాకూ తెలియదు. అయినా ఆవు హిల్డ్‌రున్‌దే.

4. బాబాయికి ఏమీ లేదు. అలిగితే అలగనీ.

5. నిన్న గోట్‌ఫ్రిట్ తలుపు సందులోంచి అన్నాడు: "రద్దు చేయడం తప్పని రాసి ముద్ర వెయ్యి నాయనా, ఈ క్షణమే గడియ తీస్తా. బయట ఎంత చక్కటి ఎండో!" ఎండంటే నాకూ ప్రాణమే. కానీ అధిపతి పోయిన రోజున, ఆయన మాట ఎవరూ మార్చకుండా ముద్రను పగలగొట్టడం మా ఆచారం. సాక్షులు గుర్తులు పెట్టగానే నా ముద్రను పొయ్యి రాయి మీద నేనే పగలగొట్టి, ముక్కలు జావ గిన్నెలో వేసి పంపుతాను. అంటే నేను పోయినట్టే. వీలునామా అమలులోకి వచ్చినట్టే. ఆ గడియ తీయడానికి ఇక వాళ్లకు కారణం లేదు.

పునీత మార్టిన్ పండుగ ముందురోజు, క్రీస్తు శకం 1493.

(చేవ్రాలు, ముద్ర) ఉడల్‌రిష్

సాక్షులు:
సోదరుడు లాంపెర్ట్, వంటశాల.
సోదరుడు ఎబర్‌హార్ట్, గొడ్ల సావిడి. రాయడం రాదు కనుక తలుపు కంతలోంచి సిలువ గుర్తు పెట్టాడు, ఎడమ చేత్తో. కుడి చేతిలో ఆవు పలుపు ఉంది.